బెంగళూరు నెహ్రూ ప్లానెటోరియం రివ్యూ: ఆ డోమ్‌ని నిలబెట్టిన బ్లాక్ హోల్ సైంటిస్ట్ గురించి తెలుసుకుని మరీ వెళ్ళండి

ముందే చెప్పేస్తున్నా, నా రేటింగ్ ఐదుకి ఐదు. బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ళు వీకెండ్ వస్తే మాల్, లేకపోతే నంది హిల్స్, ఇంకాస్త ఓపికుంటే లేపాక్షి దాకా పోయొస్తారు గానీ, ఊరి నడిబొడ్డున హై గ్రౌండ్స్‌లో టి. చౌడయ్య రోడ్డు మీదున్న జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియంకి పోయినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలో చాలా తక్కువ. పోయినా ఎప్పుడో స్కూల్ వాళ్ళు బస్సులో తీసుకెళ్తే పోయుంటారు. టికెట్లు, సీట్లు, షోలు ఏ భాషలో ఉంటాయి, ఇవన్నీ కింద చెప్తా. కానీ నేనిది రాయడానికి అసలు కారణం వేరే. ఈ ప్లానెటోరియం మొదటి డైరెక్టర్ ఫైళ్ళ మీద సంతకాలు పెట్టడానికి వేసిన ఆఫీసర్ కాదు, బ్లాక్ హోల్‌ని ఏదైనా తాకితే అది ఎలా మోగుతుందో ప్రపంచంలో మొట్టమొదట లెక్కగట్టి చూపించిన మనిషి. పేరు సి.వి. విశ్వేశ్వర. ఆయన సంగతి తెలిసి లోపలికి వెళ్తే ఆ చీకట్లో కూర్చోవడానికి ఒక అర్థం ఉంటుంది, తెలీకుండా వెళ్తే అది ఒక మంచి షో, అంతే.

పేరు దగ్గరే అందరూ తికమక పడతారు కాబట్టి అది ముందు తేల్చేద్దాం. మా అత్తని హిందూపురం నుంచి తీసుకొచ్చి చూపించినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "ఏం నాయనా, ఈయనేనా కేఆర్‌ఎస్ డ్యామ్ కట్టిన విశ్వేశ్వరయ్య?" అని. కాదత్తా, ఆయన వేరే, ఆయన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు, పూర్వీకులది మన గిద్దలూరు వైపున్న మోక్షగుండం, 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌ని కాపాడే ప్లాన్ వేసింది కూడా ఆయనే, కస్తూర్బా రోడ్డులో మ్యూజియం ఉండేది ఆయన పేరు మీదే. ఈయన ఇంకో విశ్వేశ్వర, ఫిజిక్స్ మనిషి అని చెప్పా. ఇంకొంతమంది సి.వి. అనగానే రామన్ అనుకుంటారు. అది కూడా కాదు గానీ రామన్ పెట్టిన ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం ఈయన పనిచేశారు, అది తర్వాత వస్తుంది.

విశ్వేశ్వర గారు 1938 మార్చి 6న బెంగళూరులోనే పుట్టారు. నాన్న సి.కె. వెంకటరామయ్య గారు కన్నడలో పేరున్న రచయిత. అంటే ఇంట్లో సాహిత్యం, బయట సైన్సు. ఈ రెండూ ఆయన్ని చివరిదాకా వదల్లేదు, ప్లానెటోరియంలో మనం చూసేదానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. మైసూర్ యూనివర్సిటీలో 1958లో బీఎస్సీ ఆనర్స్, 1959లో ఎమ్మెస్సీ అయ్యాక అమెరికా వెళ్ళారు. ముందు న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ, ఆ తర్వాత మేరీల్యాండ్ యూనివర్సిటీకి మారి అక్కడ చార్ల్స్ మిస్నర్ దగ్గర పీహెచ్‌డీ చేశారు, 1968లో వచ్చింది. మిస్నర్ అంటే జనరల్ రిలేటివిటీ, అంటే ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతం, చదివే ప్రతి ఒక్కరికీ తెలిసిన పేరు. అదే యూనివర్సిటీలో జోసెఫ్ వెబర్ అని ఇంకొకాయన పెద్ద పెద్ద అల్యూమినియం దిమ్మలు వేలాడదీసి గ్రావిటేషనల్ వేవ్స్, అంటే గురుత్వాకర్షణ అలలు, పట్టుకోవాలని ఒంటరిగా ప్రయత్నం చేస్తున్న రోజులవి.

ఇప్పుడు ఆయన పట్టుకున్న ప్రశ్న ఏంటో చెప్పాలి, ఇది చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. ఐన్‌స్టీన్ 1915లో జనరల్ రిలేటివిటీ ఇచ్చారు, బరువున్నదేదైనా చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ వంచుతుంది, ఆ వంపునే మనం గురుత్వాకర్షణ అంటున్నాం అని. కొన్ని వారాలకే కార్ల్ స్వార్జ్‌షీల్డ్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉంటూనే, ఆ ఈక్వేషన్లకి మొదటి కచ్చితమైన సొల్యూషన్ రాశారు, అది 1916లో అచ్చయింది, అదే సంవత్సరం ఆయన పోయారు. ఆ సొల్యూషన్‌లో ఒక చిత్రమైన హద్దు ఉంది. సూర్యుడంతటి బరువుని సుమారు 3 కిలోమీటర్ల రేడియస్ ఉన్న గోళంలోకి నొక్కేస్తే, లేదా మన భూమి మొత్తాన్ని 9 మిల్లీమీటర్ల లోపలికి నొక్కేస్తే ఆ హద్దు వస్తుంది, దాన్ని దాటి లోపలికి పోయింది ఏదీ, వెలుతురు కూడా, బయటికి రాదు. విశ్వేశ్వర గారు థీసిస్ మొదలుపెట్టిన రోజుల్లో దీనికి బ్లాక్ హోల్ అనే పేరు కూడా ఇంకా వాడుకలోకి రాలేదు, జాన్ వీలర్ అనే ఫిజిక్స్ సైంటిస్ట్ ఆ మాటని జనంలోకి తెచ్చింది 1967 చివర్లో. అప్పట్లో దీన్ని స్వార్జ్‌షీల్డ్ సర్ఫేస్ అనేవాళ్ళు. చాలామందికి ఇది పేపర్ మీద గణితమే, ఆకాశంలో నిజంగా ఉంటుందని నమ్మకం లేదు.

సరే, ఉండొచ్చా ఉండకూడదా అనేది ఎలా తేలుతుంది? ఇక్కడ ఆయన అడిగింది చాలా సూటి ప్రశ్న. దాన్ని కొంచెం కదిలిస్తే ఏమవుతుంది? కదలిక పెరుగుతూ పెరుగుతూ పోయి అది ముక్కలైపోతే అలాంటి వస్తువు ప్రకృతిలో నిలబడదు, ఈక్వేషన్‌లో ఎంత అందంగా ఉన్నా సరే దాన్ని మర్చిపోవచ్చు. కదలిక తగ్గిపోయి మళ్ళీ మామూలు స్థితికి వస్తే, అప్పుడు దాన్ని ఆకాశంలో వెతకడంలో అర్థం ఉంది. ఈ ప్రశ్నని 1957లో రెజ్జే అనే ఇంకో సైంటిస్ట్, వీలర్ ఇద్దరూ మొదలుపెట్టారు గానీ పూర్తి కాలేదు, ముఖ్యంగా ఆ హద్దు దగ్గర గణితం తలనొప్పి. దాన్ని విశ్వేశ్వర గారు తేల్చారు. బ్లాక్ హోల్ స్థిరంగా ఉంటుందని చూపించారు, ఆ పేపర్ 1970లో ఫిజికల్ రివ్యూలో వచ్చింది. దానికి ముందే 1968లో ఇంకో పేపర్‌లో, తిరిగే బ్లాక్ హోల్ విషయంలో వెనక్కి రాలేని హద్దు వేరు, ఏదీ ఒకచోట కదలకుండా నిలబడలేని హద్దు వేరు అని విడమరిచి చెప్పారు. తిరగని దానికి ఈ రెండూ ఒకటే, తిరిగే దానికి రెండూ విడిపోతాయి. ఇవాళ టెక్స్ట్‌బుక్‌లో రెండు లైన్లలో అయిపోయే విషయం, అప్పట్లో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిన విషయం.

అక్కడితో ఆగి ఉన్నా పెద్ద పేరే. కానీ ఆయన ఆగలేదు. స్థిరంగా ఉంటుంది సరే, మరి అది ఉందని మనకి తెలిసేదెలా? వెలుతురు ఇవ్వదు, కనపడదు. అప్పుడు ఆయన న్యూయార్క్‌లో నాసా వాళ్ళ స్పేస్ స్టడీస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. కనపడని దాని మీదకి గ్రావిటేషనల్ వేవ్స్ విసిరి, తిరిగొచ్చేది ఎలా ఉందో చూద్దాం అనుకున్నారు. కంప్యూటర్ మీద, అది పంచ్ కార్డుల కాలం అని గుర్తుపెట్టుకోండి, గణితంలో గాసియన్ ప్యాకెట్ అంటారే అలాంటి చిన్న అలల గుచ్ఛాన్ని బ్లాక్ హోల్ మీదకి వదిలారు. బాగా వెడల్పున్న గుచ్ఛాన్ని వదిలితే పెద్దగా ఏమీ జరగలేదు, దాదాపు అలానే తిరిగొచ్చింది. వెడల్పు తగ్గిస్తూ తగ్గిస్తూ పోయారు. అది బ్లాక్ హోల్ సైజు దగ్గరికి వచ్చేసరికి తిరిగొచ్చే అలలో ఎత్తులూ పల్లాలూ కనపడటం మొదలైంది, ఆ తర్వాత ఇంకెంత తగ్గించినా అదే ప్యాటర్న్. ఒక ఫ్రీక్వెన్సీతో ఊగుతూ త్వరత్వరగా చల్లారిపోయే అల. గుళ్ళో గంటని చేత్తో కొట్టినా కర్రతో కొట్టినా దాని నాదం దానిదే కదా, కొట్టినవాడిని బట్టి మారదు, ఇదీ అంతే. ఆ అల ఎలా ఉంటుందనేది బ్లాక్ హోల్ బరువుని బట్టే ఉంటుంది, తిరుగుతుంటే ఆ తిరుగుడు వేగాన్ని బట్టి కూడా. అంటే ఆ మోత వినగలిగితే కనపడని దాని బరువెంతో చెప్పేయొచ్చు. ఇది 1970లో నేచర్‌లో చిన్న పేపర్‌గా వచ్చింది. తర్వాతేడాది విలియం ప్రెస్ అనే ఆయన వీటికి క్వాసీ నార్మల్ మోడ్స్ అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచిపోయింది.

1970 నాటికి ఆకాశంలో ఇదిగో బ్లాక్ హోల్ అని గట్టిగా చూపించడానికి ఒక్కటి కూడా లేదు, మొదట్లో బ్లాక్ హోల్ అని గట్టిగా అనుమానించిన సిగ్నస్ ఎక్స్-1 గురించి మాట్లాడుకోవడం కూడా ఆ తర్వాతే. అంటే ఉందో లేదో తెలియని వస్తువు, దాన్ని ఎవరూ పట్టుకోని రకం అలలతో కొడితే, ఎలా మోగుతుందో ఈయన చెప్పారు. ఆ మాట నిజమో కాదో తేలడానికి 45 ఏళ్ళు పట్టింది. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలో గ్రావిటేషనల్ వేవ్స్ పట్టుకోవడానికి కట్టిన రెండు లైగో డిటెక్టర్లు, ఒక్కోదాని చేతులు, అంటే గొట్టాలు, 4 కిలోమీటర్ల పొడవు, సెకనులో ఐదో వంతు పాటు కదిలాయి. కదిలింది ఎంతంటే ప్రోటాన్ వెడల్పులో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో సుమారు 36 సూర్యుల బరువున్న బ్లాక్ హోల్, 29 సూర్యుల బరువున్న ఇంకొకటీ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోయి 62 సూర్యుల బరువున్న ఒకటే బ్లాక్ హోల్ అయింది, మిగతా మూడు సూర్యుల బరువు అలలుగా వెళ్ళిపోయింది. కలిసిపోయాక వచ్చే ఆ చివరి ముక్క, సుమారు 250 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 250 సార్ల వేగంతో, ఊగి నాలుగు మిల్లీసెకన్లలో చల్లారిపోయే ముక్క, దాన్నే రింగ్‌డౌన్ అంటారు, అది విశ్వేశ్వర గారు గీసి చూపించిన అలే. 2016 ఫిబ్రవరి 11న ప్రకటించారు. అప్పటికి ఆయనకి 77 ఏళ్ళు, బెంగళూరులోనే ఉన్నారు, చూశారు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా సంతోషం కలిగించేది ఇదే. థియరీ రాసిన చాలామందికి ఈ అదృష్టం దొరకదు. తర్వాతి ఏడాది 2017 జనవరి 16న ఆయన పోయారు, ఆ అక్టోబర్‌లో లైగో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

ఇంకో విషయం ఇక్కడే చెప్పాలి, తెలుగువాళ్ళమే కాదు బెంగళూరువాళ్ళు కూడా దీన్ని సరిగ్గా చెప్పుకోరు. రెండు బ్లాక్ హోల్స్ కలిసే సిగ్నల్‌లో మూడు భాగాలుంటాయి, ముందు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దగ్గరవడం, తర్వాత కలిసిపోవడం, చివర్లో రింగ్‌డౌన్. మొదటి భాగానికి కావాల్సిన లెక్కల్లో ఫ్రెంచ్, అమెరికన్ సైంటిస్టులతో కలిసి ఏళ్ళ తరబడి పనిచేసిన బాలా అయ్యర్ గారు బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మనిషే, విశ్వేశ్వర గారితో కలిసి పనిచేసినవారే. మొదటి ముక్క మీదా చివరి ముక్క మీదా ఈ ఊరి చెయ్యి ఉంది. 2025 జనవరిలో ఇంకా స్పష్టమైన సిగ్నల్ ఒకటి దొరికితే అందులో ఒకటి కాదు రెండు మోడ్‌లు, అంటే రెండు స్వరాలు, విడివిడిగా వినపడ్డాయి, అంటే ఆయన మొదలుపెట్టిన పని ఇంకా నడుస్తూనే ఉంది. మహారాష్ట్రలో హింగోలి జిల్లా ఔంఢాలో లైగో ఇండియా వస్తోంది, హైదరాబాద్ నుంచి లెక్కేస్తే మనకి మరీ దూరం కూడా కాదు.

సరే ప్లానెటోరియం దగ్గరికి వద్దాం. 1976లో ఆయన ఇండియా తిరిగొచ్చి రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తర్వాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కి మారారు, కోరమంగలలో పీజీల్లో ఉండే మన కుర్రాళ్ళు రోజూ దాటిపోయే కాంపౌండ్ అదే. ఈ మధ్యలోనే బెంగళూరు కార్పొరేషన్ ఒక ప్లానెటోరియం కట్టాలనుకుంది, దానికి ఈయన్ని పట్టుకున్నారు, 1989లో తెరిచారు. 1992 నుంచి దీన్ని బెంగళూరు అసోసియేషన్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్, పొట్టిగా బేస్ అంటారు, ఆ సంస్థ నడుపుతోంది. ఫిజిక్స్ చదివిన ఒక ఫ్రెండ్‌తో ఈ మాట వస్తే వాడు, "అంత పని చేసినాయన చివరికి పిల్లల షోలు చేసుకుంటూ కూర్చున్నాడా, ఇంకో పది పేపర్లు రాయొచ్చు కదా" అన్నాడు. నేను దీంతో అస్సలు ఒప్పుకోను. మొదటి సంగతి, ఆయన రీసెర్చ్ ఆపలేదు, రెండూ చేశారు. రెండో సంగతి, ఎవరికీ కనపడని దాన్ని ఎలా తెలుసుకోవాలనేదే ఆయన జీవితమంతా చేసిన పని, ముందు ఈక్వేషన్లతో చేశారు, తర్వాత డోమ్ కింద రెండు వందల పైచిలుకు మంది మామూలు జనానికి చేశారు. ఇది తక్కువ పని ఎలా అవుతుంది. షోలకి స్క్రిప్టులు తనే రాసేవారు, బొమ్మలు బాగా వేసేవారు, తన ఉపన్యాసాలకి తనే కార్టూన్లు గీసుకునేవారు. సాహిత్యం ఉన్న ఇంట్లో పుట్టిన సైంటిస్ట్‌కి మాత్రమే వచ్చే పని అది.

షో గురించి. లోపల సుమారు 15 మీటర్ల డోమ్, కొన్నేళ్ళ కింద ప్రొజెక్షన్ అంతా కొత్తది పెట్టారు, నక్షత్రాలు నిజం నక్షత్రాల్లా సూదిమొనంత సన్నగా కనపడతాయి. మసక పడి చీకటయ్యాక ఆ నిండు ఆకాశం చూస్తే సిటీలో పుట్టి పెరిగిన పిల్లలు నోరెళ్ళబెడతారు, ఎందుకంటే వాళ్ళు ఎప్పుడూ అన్ని చుక్కలు చూసుండరు. షోలు ఇంగ్లీష్‌లో, కన్నడలో ఉంటాయి. తెలుగులో కావాలంటే మన హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం ఉంది, 1985లో ఎన్టీఆర్ ప్రారంభించింది, అక్కడ తెలుగులో చెప్తారు, ఇంగ్లీష్, కన్నడ రెండూ రాని పెద్దవాళ్ళయితే అక్కడికే తీసుకెళ్ళండి. కానీ మన అనంతపురం, హిందూపురం, మడకశిర వైపు వాళ్ళకి కన్నడ షో ఏ ఇబ్బందీ లేకుండా అర్థమవుతుంది. మా అత్త కన్నడ షోనే చూసింది. కృత్తిక, రోహిణి, సప్తర్షి మండలం, పేర్లన్నీ మనకి తెలిసినవే కదా. ఆమెకి నచ్చింది మాత్రం అరుంధతి, "మా పెళ్ళిలో పట్టపగలు పందిరి బయటికి తీసుకెళ్ళి అదిగో అన్నారు, మేం ఊ అన్నాం, ఇన్నేళ్ళకి ఈడ చూస్తిని" అంది, వశిష్ఠుడి పక్కన చిన్న చుక్క ఎక్కడుందో చెయ్యి చాపి మా పాపకి చూపించింది.

సీట్ల విషయం. ఏ ప్లానెటోరియంలో అయినా మధ్య నుంచి వెనక వరసలు మంచివి, ముందు కూర్చుంటే మెడ బాగా వెనక్కి వంచాలి. షో మొదలయ్యాక పూర్తి చీకటి కాబట్టి కొంచెం ముందే లోపలికి వెళ్ళి కూర్చోండి. చీకటంటే భయపడే మరీ చిన్న పిల్లల్ని తీసుకెళ్ళే ముందు ఇంట్లో ఒకసారి చెప్పి తీసుకెళ్ళండి, నా లెక్కలో రెండో క్లాసు దాటిన పిల్లలకైతే బాగా పట్టుబడుతుంది. థీమ్ పార్క్‌లో లాగా సీట్లు ఊగడం, కేకలు పెట్టించడం లాంటివి కోరుకుంటే ఇది ఆ చోటు కాదు. ఇక్కడ ఒక మనిషి నెమ్మదిగా చెప్తున్నట్టు ఉంటుంది, మధ్యలో ఆగుతుంది, చూడనిస్తుంది. నాకు అదే కావాలి. ఫోన్ లోపల పెట్టేయండి, పక్కవాళ్ళ కళ్ళలో ఆ వెలుతురు పడితే చీకటికి అలవాటు పడ్డ కళ్ళు మళ్ళీ మొదటికి వస్తాయి, ఇది మన కోసం కాకపోయినా వాళ్ళ కోసం.

బయట సైన్స్ పార్క్‌ని వదిలేయొద్దు. చాలామంది షో అయిపోగానే గేటు వైపు వెళ్ళిపోతారు. అక్కడ పిల్లలు తాకి, తిప్పి, లాగి చూసే పరికరాలు ఉన్నాయి, ఒక్కోదాని దగ్గర ఎందుకు ఇలా అవుతోందని వాళ్ళు అడిగేదాకా మీరు నోరు మెదపకుండా ఉండండి, అదే అసలు కిటుకు. గ్రహణాలప్పుడు టెలిస్కోపులు పెట్టి జనానికి చూపిస్తారు. ఏప్రిల్ 24 చుట్టుపక్కల, మళ్ళీ ఆగస్టు 18 చుట్టుపక్కల బెంగళూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు, జీరో షాడో డే అంటారు, పిల్లలుంటే ఆ రోజు కలిసొచ్చేలా ప్లాన్ చేసుకోండి. హైదరాబాద్‌లో అయితే ఇది మే 9 దగ్గర్లో వస్తుంది.

వెళ్ళడం తేలికే. పర్పుల్ లైన్‌లో విధాన సౌధ స్టేషన్‌లో దిగి ఆటో తీసుకుంటే దగ్గరే, మెజెస్టిక్‌లో రైలు దిగేవాళ్ళకి కూడా అదే దారి. సోమవారం సెలవు. సెలవు రోజుల్లో, వేసవిలో రద్దీ ఉంటుంది కాబట్టి షో టైములూ టికెట్లూ వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి, ముఖ్యంగా ఏ షో ఏ భాషలో ఉందో. ఎదురుగానే ఇందిరా గాంధీ మ్యూజికల్ ఫౌంటెన్ పార్క్ ఉంది, కబ్బన్ పార్క్ కూడా దగ్గరే, ఒక పూట హాయిగా గడిచిపోతుంది.

ఆయన కుటుంబం గురించి కూడా రెండు మాటలు చెప్తా, ఎందుకంటే ఇది నాకు చాలా నచ్చిన సంగతి. భార్య సరస్వతీ విశ్వేశ్వర గారు కూడా సైంటిస్ట్, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లో బయోఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేశారు. కూతురు స్మితా విశ్వేశ్వర గారు అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్, ఆమె రంగం బ్లాక్ హోల్స్ కాదు, ఘన పదార్థాల్లో జరిగే క్వాంటమ్ సంగతులు. కానీ 2019లో ఆమె తన టీమ్‌తో కలిసి రాసిన ఒక పేపర్‌లో, క్వాంటమ్ హాల్ సిస్టమ్స్ (బలమైన అయస్కాంత క్షేత్రంలో పల్చటి పొరలో తిరిగే ఎలక్ట్రాన్లు) అనే పూర్తిగా వేరే చోట క్వాసీ నార్మల్ మోడ్స్ ఉంటాయని చూపించారు. నాన్న బ్లాక్ హోల్‌లో చూసిన మోత, కూతురికి ల్యాబ్‌లో పెట్టగలిగే పదార్థంలో కనపడింది. తండ్రీ కూతుళ్ళు కలిసి రిలేటివిటీ మీదా క్వాంటమ్ ఫిజిక్స్ మీదా ఒక పుస్తకం కూడా రాశారు.

ఇక ఈ రివ్యూలో తల్లిదండ్రులకి అన్నిటికన్నా పనికొచ్చే విషయం ఇది. ఈ ప్లానెటోరియం అంటే షోలు మాత్రమే కాదు. బేస్ వాళ్ళు స్కూలు పిల్లలకి వర్క్‌షాపులు పెడతారు, డిగ్రీలో ఫిజిక్స్ చదివే పిల్లలకి రీప్ అని ఒక ప్రోగ్రామ్ నడుపుతారు, కాలేజీ సిలబస్‌కి బయట అసలు ఫిజిక్స్ ఎలా చేస్తారో నేర్పించడానికి. మన ఇళ్ళలో పిల్ల బీఎస్సీ ఫిజిక్స్ తీసుకుంటానంటే ఇంజనీరింగ్ సీటు రాలేదా అని అడిగే చుట్టాలు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిల్లకి ఊళ్ళో సరైన తోడు దొరకదు, రిలేటివిటీ గురించి మాట్లాడటానికి మనిషే ఉండడు. అలాంటి పిల్ల మీ ఇంట్లో ఉండి, చదువు బెంగళూరులో అయితే షో టికెట్ కన్నా ముందు రీప్ గురించి అడగండి. అడ్మిషన్లు ఎప్పుడో, ఏ ఇయర్ వాళ్ళని తీసుకుంటారో ఆఫీసులో కనుక్కోండి, పిల్లని కూడా వెంట తీసుకెళ్ళండి, ప్రశ్నలు తననే అడగనివ్వండి.